వేలంలో ట్రాక్టర్ కొన్నాం: 86 రోజుల నా అనుభవం

జనవరి 21న మా తమ్ముడి పేరు మీద ట్రాక్టర్ ఆర్‌సీ పోస్టులో వచ్చింది. వేలం కోసం మేము పేరు నమోదు చేసుకున్నది అక్టోబర్ 27న. అంటే 86 రోజులు. పాట జరిగింది ఒక్క పూట. మిగతాదంతా తిరగడం, ఎదురుచూడటమే. మొదలుపెట్టేముందు ఎంతమందిని అడిగినా "చవకగా వస్తది, తీసుకో" అన్నారు తప్ప ఏ రోజు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

నేను వనస్థలిపురంలో ఉంటాను, కరెంటు సామాను షాపులో పని. తమ్ముడు, అమ్మ కందుకూరు దగ్గర ఊళ్లో వ్యవసాయం చేస్తారు. సొంతం ఆరు ఎకరాలు, కౌలు నాలుగు. పోయినేడు దున్నకానికి, రోటవేటర్‌కి ఇచ్చిన కిరాయిలు తమ్ముడు నోట్‌బుక్‌లో రాసిపెట్టాడు. కూడి చూస్తే 94 వేలు. డబ్బు ఒక్కటే కాదు, నేలలో పదును ఉన్నప్పుడు బండి దొరకదు, బండి దొరికేసరికి పదును పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని షోరూమ్‌కి పోయి అడిగాం. తగ్గాక కూడా 45 హెచ్‌పీ బండికి 7 లక్షల 60 వేలు చెప్పారు. లోన్ వద్దని అమ్మ గట్టిగా చెప్పేసింది. దాంతో కిస్తీలు కట్టక ఫైనాన్స్ వాళ్లు గుంజుకొచ్చిన బండ్ల వేలం వైపు చూశాం.

చేతిలో ఉన్నది తమ్ముడి దగ్గర 90 వేలు, నా దగ్గర లక్షా 20 వేలు. మిగతాదానికి రెండు బర్రెలు అమ్మాలి. దీపావళి అయ్యాక అక్టోబర్ 24న నార్సింగి సంతకు తోలుకుపోయాం. ఒకటి మూడో ఈత, ఇంకోటి రెండో ఈత. రెండూ పాలమీద ఉన్నాయి. దళారి మొదట పళ్లు చూపించమన్నాడు, తర్వాత అక్కడే పాలు పిండి చూపించమన్నాడు. కొత్త చోటికి పోయిన బర్రె చేపదు. ఇంటి దగ్గర పూటకు ఐదు లీటర్లు ఇచ్చే బర్రె అక్కడ మూడు లీటర్లు కూడా ఇవ్వలేదు. అమ్మ దాని పక్కన కూర్చుని గంటసేపు వీపు నిమిరింది, ఇంటి నుంచి తెచ్చిన తవుడు పెట్టింది, అప్పుడు చేపింది. అమ్మను ఎందుకు తీసుకుపోవడం అని ముందు నేనే అన్నాను. అమ్మ లేకపోతే ఆ రోజు పదివేలు తక్కువకు ఇచ్చి వచ్చేవాళ్లం. 82 వేలు, 73 వేలు పలికాయి. దళారికి ఒక్కోదానికి వెయ్యి. కొన్నాయన లారీ ఎక్కించేటప్పుడు అమ్మ రెండు పలుపులూ విప్పి చేతికి చుట్టుకుంది. పలుపు ఇచ్చి బర్రెను పంపకూడదని మా ఇంట్లో పట్టింపు. ఇంటికి వచ్చేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పలుపులు ఇంకా కొట్టంలో మేకుకే ఉన్నాయి.

27న ఆన్‌లైన్ వేలానికి ఫోన్‌లో నమోదు చేసుకున్నాం. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు, 25 వేల డిపాజిట్. పాట మనకు రాకపోతే డిపాజిట్ తిరిగి ఇస్తారు. పాట గెలిచి డబ్బు కట్టకపోతే అది పోయినట్టే. ఈ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. బండి ఎలా ఉందో అలాగే, ఎక్కడుందో అక్కడే తీసుకోవాలి, తర్వాత ఏం బయటపడ్డా వాళ్లకు సంబంధం లేదు అన్నది కూడా అక్కడే ఉంటుంది.

బండి ఉన్న యార్డు హయత్‌నగర్ దాటాక. 29న పోదామనుకుంటే మొంథా తుఫాను వాన రోజంతా వదల్లేదు. 30న పోయాం. యార్డంతా బురద. ట్రాక్టర్లు, ఆటోలు, వరికోత మిషన్లు, జేసీబీలు వరసల్లో నిలబడి ఉన్నాయి. నేను అనుకున్నది పాత సామాన్ల షాపులా ఉంటుందని. కానీ ఒక్కో బండికీ ఎవరో కట్టిన నిమ్మకాయలు, బొట్లు, ఇంజన్ మీద పిల్లల పేర్లు. ఒక ట్రాక్టర్ స్టీరింగ్‌కి దసరా నాటి బంతిపూల దండ ఎండిపోయి వేలాడుతోంది. అంటే దసరాకు పూజ చేసుకున్న బండి నెల తిరక్కుండా ఇక్కడికి వచ్చింది.

మేము ఫొటోల్లో ఎంచుకున్నది 2019 మోడల్, 45 హెచ్‌పీ, మీటర్‌లో 3,100 గంటలు. కనీస పాట 2 లక్షల 40 వేలు. యార్డు మనిషి ముందే స్టార్ట్ చేసి పెట్టాడు. మంచి బండి, సెల్ఫ్ కొట్టగానే అందుకుందని సంబరంగా ఇంటికొచ్చి చెబితే మా ఊరి మెకానిక్ అన్న తల పట్టుకున్నాడు. వేడి ఇంజన్ ఏదైనా అందుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడే దాని సంగతి తెలుస్తుంది అన్నాడు. నవంబర్ 1 శనివారం ఆయన్ని వెంటబెట్టుకుని పొద్దున్నే యార్డు తెరిచే వేళకే పోయాం. మెకానిక్‌కి రోజు కూలి 1,500, పెట్రోలు వేరే. ఈ మొత్తం వ్యవహారంలో బాగా ఖర్చుపెట్టింది ఏదైనా ఉంటే అది ఈ 1,500.

ఆయన మొదట ఇంజన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాడు. ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్దాడు. తెల్లగా పాలలా ఉంటే నీళ్లు కలిశాయని అర్థమట. స్టార్ట్ చేశాక పొగ రంగు చూశాడు, నీలం రాలేదు. క్లచ్ పెడల్ రబ్బరు, బ్రేకు రబ్బరు ఎంత అరిగాయో చూసి మీటర్ అబద్ధం చెప్పట్లేదు అన్నాడు. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాం, ఆర్‌సీ జిరాక్సుతో సరిపోయింది. వెనక టైర్లు సగం ఉన్నాయి. కొత్త జత కొనాలంటే 40 వేలు దాటుతుంది కాబట్టి అది పెద్ద విషయమే. టాప్ లింకు లేదు, టూల్ బాక్సు ఖాళీ. నడిపి చూస్తామంటే ఒప్పుకోలేదు. వెనక పనిముట్లను ఎత్తే హైడ్రాలిక్ పైకి లేస్తోంది గానీ బరువు పెట్టి చూసే వీలు లేదు.

వెనక మడ్‌గార్డ్ మీద పసుపు పెయింట్‌తో రాసి ఉంది: "దున్నకం, రోటవేటర్ కిరాయికి". కింద సెల్ నంబర్.

ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యమన్నది మెకానిక్ అన్నే. బండి గురించి యార్డు వాళ్లకేం తెలుసు, తోలినోడికి తెలుస్తది అన్నాడు. నాకు చెయ్యాలనిపించలేదు. యార్డు బయట టీ కొట్టు దగ్గర చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"హలో, ఏడ దున్నాలే అన్నా?"

నాకు గొంతులోంచి మాట రాలేదు. కాసేపటికి తేరుకుని సంగతి చెప్పాను. అవతల చప్పుడు లేదు. కట్ చేశాడేమో అనుకున్నాను. తర్వాత అడిగాడు, "టైర్లల్ల గాలున్నదా అన్నా? వానకు నానుతున్నదా?"

ఆయనది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. ఆర్నెల్లకో కిస్తీ. భార్యకు ఆపరేషన్ అయి ఒకటి తప్పింది, పత్తి పోయి రెండోది తప్పింది. జులైలో బండి తీసుకుపోయారు. నేను అడక్కముందే బండి గురించి అంతా చెప్పాడు. ఇంజన్ ఇప్పటిదాకా విప్పలేదు. క్లచ్ ప్లేటు నిరుడు వేయించాడు. హైడ్రాలిక్ మాత్రం అరగంట బరువు మీద ఉంటే మెల్లగా దిగుతుంది, సీలు మార్చాలి. నాతో అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు, నిజం చెప్పాల్సిన అవసరం అంతకన్నా లేదు. అయినా చెప్పాడు.

ఫోన్ పెట్టేసేముందు ఆయన అన్న మాట ఇది: "ఎంతకు పోతే అంత నా లోన్ల కట్ అయితదన్నా. మిగిలింది మళ్ల నేనే కట్టాలె. జర మంచిగ పాడుండ్రి."

అప్పటిదాకా ఈ సంగతి నా బుర్రకు తట్టలేదు. వేలంలో వచ్చిన డబ్బు ఆయన బాకీలో జమ అవుతుంది. తక్కువ పడితే ఆ తేడా ఆయన నెత్తిమీదే ఉంటుంది. బాకీకి మించి వస్తే మిగిలింది ఆయనకు తిరిగి ఇవ్వాలి. ఆయన బాకీ 4 లక్షల 10 వేలట. మేము చవకగా దొరకాలని దేవుడికి మొక్కుకుంటున్న ప్రతి వెయ్యీ ఆయన మీద పడే వెయ్యి. ఆ రాత్రి తమ్ముడికి చెబితే వాడు చాలాసేపు ఆలోచించి, "మన దగ్గర ఉన్నదే గంత గదా అన్నా" అన్నాడు. అదీ నిజమే. వేలం తర్వాత అయ్యే ఖర్చులు పక్కన పెడితే మా చేతిలో పాటకు మిగిలేది 3 లక్షల 20 వేలు. మెకానిక్ అన్న కూడా కొత్త బండ్ల ధర తగ్గింది కాబట్టి పాతదానికి అంతకు మించి పెట్టొద్దన్నాడు.

నవంబర్ 4న పాట. షాపుకు సెలవు పెట్టాను. ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదని తమ్ముడు, అమ్మ నా దగ్గరికే వచ్చారు. పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా టైం. రెండింటి వరకు ఒక్కడే 2 లక్షల 45 వేలు పాడి ఉన్నాడు. ఇంతే అయిపోతుందేమో అని ఆశ పుట్టింది. అసలు పాట చివరి పది నిమిషాల్లో మొదలైంది. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరు పాడినా ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుంది. 2.60, 2.75, 2.90. ఎదుటివాళ్లు ఎవరో కనపడరు, నంబర్లే. సంతలో అయితే మనిషి మొహం చూసి వీడు ఆగుతాడా లేదా చెప్పొచ్చు, ఇక్కడ టైమర్ తప్ప ఏమీ లేదు. నా వేళ్లు వణుకుతుంటే ఫోన్ తమ్ముడికి ఇచ్చాను. 3 లక్షల 10 వేలు ఎవరో పాడారు. తమ్ముడు 3.15 నొక్కాడు. ఐదు నిమిషాలు. అమ్మ కళ్లు మూసుకుంది. 3 గంటల 42 నిమిషాలకు ఆగిపోయింది.

గెలిచామని స్వీట్లు తెచ్చాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది, అప్రూవల్ పెండింగ్ అని. ఎక్కువ పాడినంత మాత్రాన బండి మనది కాదు. ఆ ధరకు ఇవ్వాలా వద్దా అని ఫైనాన్స్ వాళ్లు తేల్చుకోవాలి. రెండు మూడు రోజులు అన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులు ఇంట్లో ఒకటే టెన్షన్. మధ్యలో ఎవరో ఫోన్ చేసి, 15 వేలు పంపితే రేపే అప్రూవల్ చేయిస్తానన్నాడు. మా బండి నంబర్, పాడిన ధర కరెక్టుగా చెప్పాడు! యార్డుకి పోయి అడిగితే అలాంటి పద్ధతే లేదన్నారు. అలాంటి ఫోన్ వస్తే ఒక్క రూపాయి పంపొద్దు. డబ్బు కట్టాల్సింది అప్రూవల్ లెటర్‌లో రాసి ఉన్న కంపెనీ ఖాతాకే, బ్యాంకు నుంచే.

అప్రూవల్ నవంబర్ 13న వచ్చింది, 14న బ్యాంకు నుంచి ఆర్‌టీజీఎస్‌లో డబ్బు పంపాం. వేలం నడిపినవాళ్ల ఫీజు 9,000, దాని మీద జీఎస్‌టీ 1,620. డెలివరీ లెటర్ 21న ఇచ్చారు, 22న బండి తెచ్చుకున్నాం. అక్కడ యార్డు గుమాస్తా డబ్బు కట్టిన రోజు నుంచి పార్కింగ్ అని రోజుకు 200 చొప్పున 1,600 అడిగాడు. లెటర్ ఆలస్యం చేసింది మేము కాదు కదా అని వాదించాను. వినలేదు. గేట్ పాస్ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి కట్టేశాను. ఇంకోటి, బండి పట్టుకొచ్చిన రోజు దాని మీద ఏమేం ఉన్నాయో రాసిన కాగితం ఒకటి ఉంటుంది. మా కాగితంలో బ్యాటరీ ఉంది అని రాసి ఉంది. తీసుకునే రోజు చూస్తే ఉన్నది వేరేది, పూర్తిగా చచ్చిపోయింది. ఈ కాగితం జిరాక్సు చూడటానికి పోయిన రోజే అడిగి తీసుకుని, బ్యాటరీ, టైర్లు ఫొటోలు తీసుకోవాల్సింది. నేను తియ్యలేదు.

ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది, రోడ్డు మీద తోలుకుపోలేం. లారీ 7,500. యార్డులో ర్యాంపు ఉంటుందనుకున్నాం. ఉన్నది ఒక మట్టి దిబ్బ. దానికి లారీ వెనక భాగం ఆనించి బండి ఎక్కించారు, హమాలీలకు ఇంకో వెయ్యి. ఊళ్లో దింపేటప్పటికి రాత్రి ఎనిమిది. అమ్మ కొబ్బరికాయ కొట్టి, బండికి బొట్టు పెట్టి, తర్వాత ఎందుకో చాలాసేపు దాని చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

రిపేర్లలో పెద్ద ఆశ్చర్యాలేమీ లేవు. పాత ఓనర్ అన్న చెప్పినట్టే హైడ్రాలిక్ సీలు, ఆయిల్ కలిపి 9,800. బ్యాటరీ 6,200. టాప్ లింకు, చిన్న సామాను 3,400. ఇంజన్ ముట్టుకోలేదు.

అసలు నరకం కాగితాలు. పాత ఓనర్ పేరు మీది నుంచి నేరుగా మన పేరుకు మారదు. ఫైనాన్స్ కంపెనీ ముందు ఫారం 36 పెట్టి తన పేరు మీద ఆర్‌సీ తీసుకోవాలి, ఆ తర్వాత ఫారం 29, 30 మీద మనకు. లోన్ తీసేసినట్టు ఫారం 35 కూడా. పది రోజుల్లో ఇస్తామన్నారు. బ్రాంచికి నేను తిరిగింది ఏడుసార్లు. వనస్థలిపురం నుంచి ప్రతిసారీ అర పూట సెలవు. సంతకం పెట్టాల్సిన సారు లేరు, ఫైలు పైకి పోయింది, రేపు రండి. డిసెంబర్ 26న చేతికి వచ్చాయి. ఇన్సూరెన్స్ లేకపోతే ట్రాన్స్‌ఫర్ కాదు, దానికి 7,200. జనవరి 2న ఆర్‌టీఏ స్లాట్, ఫీజులు, ఏజెంటు కలిపి 4,500. ఆ రోజు మాత్రం గంటన్నరలో పని అయిపోయింది.

ఆర్‌సీ చేతికి రాకుండా బండిని పొలం దాటించలేదు. యాసంగి దుక్కులు మావి మేము చేసుకున్నాం గానీ, కిరాయికి వేరే ఊళ్లకు పంపలేకపోయాం. ఆ రెండు నెలల్లో కనీసం 30 వేలన్నా వచ్చేవని తమ్ముడి బాధ. పాట 3 లక్షల 15 వేలకు గెలిచిన బండి, మెకానిక్ కూలి, పెట్రోలు కాక మిగతావన్నీ కలిపి 3,66,820 అయింది. ఎవరైనా వేలానికి పోయేటట్టయితే పాట మీద కనీసం 50 వేలు విడిగా పెట్టుకోండి. మాకు చివర్లో అదీ చాలక పక్కింటి బాబాయి దగ్గర ఐదు వేలు చేబదులు తెచ్చాం.

మేము అస్సలు ఊహించనిది ట్రాలీ. ఫొటోలో ట్రాక్టర్ ఒక్కటే ఉంటే ట్రాలీ పక్కన ఎక్కడో ఉండి ఉంటుంది అనుకున్నాం. ట్రాలీకి వేరే నంబర్, వేరే ఆర్‌సీ. లోన్ ట్రాక్టర్ మీదే ఉంటే వాళ్లు పట్టుకుపోయేది ట్రాక్టర్‌నే. ఇప్పుడు దున్నడానికి బండి ఉంది, టమాట పెట్టెలు మార్కెట్‌కి వేసుకుపోవడానికి ఏమీ లేదు.

పాట అయిన మర్నాడే ఆ పాత ఓనర్ అన్నకు ఫోన్ చేసి ధర చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు, కానీ ఆయన ఎదురుచూస్తుంటాడని తెలుసు. "అయితే ఇంక తొంభై ఐదు వేలు," అన్నాడు, అంతే. ఖర్చులు, వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువే అవుతుందని ఇద్దరికీ తెలుసు, ఎవరమూ అనలేదు. తర్వాత హైడ్రాలిక్ విప్పినప్పుడు ఒకసారి, పొద్దున చలికి బండి అందుకోనప్పుడు ఒకసారి తమ్ముడే ఫోన్ చేశాడు. రెండుసార్లూ ఓపిగ్గా చెప్పాడు. రెండోసారి ఆయనే అడిగాడట, ట్రాలీ ఇంటి ముందర ఖాళీగా ఉన్నది, తీసుకుంటరా అని. తీసుకుంటే ఆ బాకీలో కొంత తెంపుకుంటాడు. ధర ఇంకా చెప్పలేదు. మేమూ అడగలేదు. మా దగ్గర ఇప్పుడు అంత డబ్బు లేదు, ఉగాదికి టమాట మీద వస్తే సగం అప్పుడు, సగం తర్వాత ఇస్తామని అడుగుదామనుకుంటున్నాం. జనవరి 25 ఆదివారం నేను, తమ్ముడు వాళ్ల ఊరికి పోతున్నాం.

ఆర్‌సీ వచ్చిన రోజు తమ్ముడు పెయింటర్‌ని పిలిచి మడ్‌గార్డ్ మీద నంబర్ మార్పించాడు. 300 తీసుకున్నాడు. దున్నకం, రోటవేటర్ కిరాయికి అన్న అక్షరాలు బాగానే ఉన్నాయని వాటిని అలాగే ఉంచమన్నాం.